పచ్చికయు వెచ్చదనమును

కనుమనాడు మన పల్లెలలో పశువులకు జరుగు మర్యాదను మీరు చూచియుందురు. ఉదయముననే ఎద్దులను చెరువునకు తోలుకొనిపోయి కడుగుదురు. కొమ్ములకు రంగులు పూసి, మెడలో మువ్వల పట్టెడలును పూలదండలును కట్టుదురు. ఆనాడు వాటిచేత పని చేయింపరు. కాని ఆ దినములలో పొలము గట్టుమీది పచ్చికను వంగి చూచువారు అరుదు. భాద్రపదమాసమున, నేడు మేసిన చోట పది దినములకే మరల నోటికందునట్లు ఎదిగిన గరిక, పుష్యమాసమున నెల గడచినను బెత్తెడైనను సాగదు. పండుగ పశువులదే; మేత మాత్రము అప్పుడే తగ్గియుండును.

ఆదిలాబాదు వైపున నేనెరిగిన రైతొకడు కలడు. ఆయన తన బావి క్రింద అర ఎకరమున నేపియరు గడ్డిని నాటెను. వానకాలమంతయు ఆ గడ్డి ఏనుగుగున్న దాగునంత గుబురుగా పెరిగినది. ఇంటనున్న రెండు గేదెలకు మేత చాలి, కొంత మిగిలినది కూడ. మార్గశిరము వచ్చుసరికి కోతకు సగము గడ్డియైనను రాలేదు. ఆయన నీరెక్కువగా కట్టెను, పెంటయెరువు తోలెను, తుదకు తాను తెచ్చి నాటిన కాండపు ముక్కలే మంచివి కావని అనుమానించెను. పాలు తగ్గినవి. ఎండుచొప్ప కొని మేపుటకు చేతిలో రొక్కము లేదు. పుష్యమాసము చివర గేదెలలో నొకదానిని అమ్మివేసెను. ఫాల్గుణమున, అదనముగా ఏమియు చేయకుండగనే, గడ్డి మునుపటివలె లేచినది. గేదె మాత్రము తిరిగి రాలేదు.

ఆ గడ్డికి వచ్చిన లోపమేమి? నీరున్నది, ఎరువున్నది, పగలు ఎండయు బాగుగనే యున్నది. లోపించినది వెచ్చదనము. మన దేశపు గడ్డిజాతులకు వెచ్చదనముతో గల సంబంధమెట్టిదో తెలిసియున్నచో ఆయన ఆ నెలలకు వేరు ఏర్పాటు చేసికొనియుండును.

గడ్డి యెండుట యనగానే మనకు వేసవి జ్ఞప్తికి వచ్చును. రోహిణీకార్తెలో బీళ్లన్నియు గోధుమవన్నెకు తిరిగియుండుట చూచి, వేడియే పచ్చికకు శత్రువని తలచుట సహజము. కాని అదే రోహిణీకార్తెలో బావి నీరు పారు బోదె వెంట పోయి చూడుడు. అక్కడ గరిక దట్టముగా, నల్లనైన పచ్చదనముతో, ఒడ్డును కప్పివేసియుండును. బీటిమీది గరికకును బోదె ఒడ్డు గరికకును వేడి ఒక్కటే. భేదము నీటిది. కావున వేసవిలో బీటిని ఎండగట్టునది చాలవరకు దప్పిక గాని వేడి గాదు. చలికాలమున ఇందుకు విరుద్ధముగా జరుగును. అప్పుడు నీరు దొరికినను గడ్డి కదలదు.

గడ్డిపరక ఎచ్చట పెరుగునో మొదట తెలిసికొనవలెను. చెట్టుకొమ్మ కొనయందు పెరుగును. గడ్డి ఆకు అట్లుగాక మొదటియందు పెరుగును. క్రొత్తగా వెలువడుచున్న గరిక ఆకుమీద నేలకు దగ్గరగా సిరాతో చుక్క పెట్టి మూడు దినముల తరువాత చూచినచో, ఆ చుక్క పైకి జరిగియుండును. దాని క్రింద క్రొత్త ఆకు పుట్టి పాత దానిని పైకి నెట్టినదన్నమాట. పశువు కొన కొరికివేసినను గడ్డి చావకుండుటకు కారణమిదియే. దాని ప్రాణము పశువు పండ్లకు అందని చోట, నేలను అంటిపెట్టుకొనియున్నది. అందుచేత మనము ఉష్ణోగ్రతను గూర్చి మాటాడునపుడు, ఆ మొదటి దగ్గర, నేలకు అంగుళము ఎత్తులో నున్న వెచ్చదనమే ముఖ్యమైనది.

అచ్చట జీవకణములు చీలి రెండగుచు, నీటిని పీల్చి సాగుచుండును. ఈ పనులన్నియు రసాయనిక క్రియలు. చల్లదనమున రసాయనిక క్రియలు మందగించును. వెచ్చదనమున చురుకుగా సాగును. ఇది అన్ని మొక్కలకును సమానమే. కాని అన్ని మొక్కలును ఒకే వెచ్చదనమును కోరవు.

ఈ సంగతిని పొలములో తేల్చుట కష్టము. పొలములో చలి పెరిగినపుడు పగటి నిడివి తగ్గును, వానయు వెనుకపట్టును. ఏ మార్పుచేత ఏమి జరిగినదో చెప్పలేము. అందుచేత శాస్త్రజ్ఞులు గాలి, వెలుతురు, తేమ, వేడి వేరువేరుగా అదుపులో నుంచదగిన గదులు నిర్మించిరి. ఇట్టి గదుల సముదాయమునకు ఫైటోట్రాన్ అని పేరు. అమెరికాలో పాసడీనా నగరమున 1949లో ఒకటియు, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా నగరమున 1962లో ఒకటియు తెరువబడినవి. ఒకే గడ్డి పిలకలను ఒకే మట్టిలో నాటి, నీరును వెలుతురును సమానముగా నిచ్చి, ఒక గదిని 15 డిగ్రీల వద్దను, మరియొక దానిని 20 వద్దను, వేరొకదానిని 30 వద్దను ఉంచి, కొన్ని వారముల తరువాత కోసి, ఎండబెట్టి తూచినచో ఉష్ణోగ్రత చేయు పని యెంతయో తేటపడును. ఈ వ్యాసమున చెప్పు డిగ్రీలన్నియు సెంటీగ్రేడు డిగ్రీలు.

ఇట్టి ప్రయోగములవలన తేలినదేమనగా, యూరపు పచ్చికబయళ్లలోని రైగడ్డి వంటివి 20 మొదలు 25 డిగ్రీల వద్ద మిక్కిలి చురుకుగా పెరుగును. గరిక, నేపియరు, గినీగడ్డి, జొన్న వంటి ఉష్ణదేశపు జాతులు 30 మొదలు 35 డిగ్రీల వరకు గల వేడిని కోరును. రైగడ్డి సొమ్మసిల్లు వేడిలో మన గడ్డి ఉత్సాహముగా ఎదుగును. దినపు సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగినచో ఉష్ణదేశపు గడ్డిజాతులలో పెక్కింటి ఎదుగుదల దాదాపు నిలిచిపోవును. రైగడ్డికి ఆ 15 డిగ్రీలు హాయియైన వాతావరణము. నేను మొదటిసారి ఈ అంకెలను చూచినపుడు, గడ్డి యనునది ఎచ్చటనైనను గడ్డియే గదా యను నా తలంపు చెదరిపోయినది.

ఈ భేదమునకు మూలము ఆకు లోపలనున్నది. మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యకాంతి సాయమున చక్కెరగా మార్చుకొనునని మీరు చదివియుందురు. ఆ వాయువును పట్టుకొను ఎంజైమునకు రుబిస్కో అని పేరు. లోకమునకు అన్నము పెట్టునది అదియే యైనను, దానికొక పొరపాటు కలదు. బొగ్గుపులుసు వాయువునకు బదులుగా అప్పుడప్పుడు ప్రాణవాయువును పట్టుకొనును. అట్లు పట్టుకొన్నపుడెల్ల మొక్క తాను సంపాదించిన దానిలో కొంత పోగొట్టుకొనవలసివచ్చును. వేడి పెరిగినకొలది ఈ పొరపాటు కూడ పెరుగును. రైగడ్డి, గోధుమ, వరి, చిక్కుడుజాతి మొక్కలు ఈ నష్టమును భరింపవలసినవే.

1965లో హవాయి దీవులలో చెరకుమీద పరిశోధనలు చేయుచుండిన హ్యూగో కార్ట్‌షాక్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక వింతను ప్రకటించిరి. వారు చెరకు ఆకునకు రేడియోధార్మిక కర్బనము గల వాయువును అందించి, అది మొట్టమొదట ఏ పదార్థముగా మారుచున్నదో పరీక్షించిరి. అప్పటివరకు ఇతర మొక్కలలో కనుగొనబడిన మొదటి పదార్థమున మూడు కర్బన పరమాణువులుండెను. చెరకులో కనబడిన దానియందు నాలుగు ఉండెను. మరుసటి సంవత్సరము, 1966లో, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున మార్షల్ హ్యాచ్, రోజర్ స్లాక్ అనువారు ఈ మార్గమును విశదపరచిరి. చెరకే గాక జొన్న, మొక్కజొన్న, సజ్జ, గరిక, నేపియరు మున్నగునవియు ఈ మార్గమునే అనుసరించునని క్రమముగా తెలిసినది.

ఈ మొక్కల ఆకును అడ్డముగా పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో, ప్రతి ఈనె చుట్టును పెద్ద కణములు దండవలె అమరియుండును. జర్మను భాషలో దండను క్రాంజ్ అందురు. ఈ అమరికకును ఆ పేరే నిలిచినది. వెలుపలి కణములు గాలిలోని బొగ్గుపులుసు వాయువును నాలుగు కర్బన పరమాణువుల పదార్థముగా కట్టి లోపలి దండకు చేరవేయును. అచ్చట ఆ మూట విప్పబడి వాయువు దట్టముగా నిండును. లోపలనున్న రుబిస్కో చుట్టును బొగ్గుపులుసు వాయువే క్రిక్కిరిసియుండుటచే, అది ప్రాణవాయువును పట్టుకొను అవకాశము మిక్కిలి తగ్గును. నూతినీటిని తొట్టిలోనికి తోడి నింపినట్లు, మన గడ్డి గాలిలో పలుచగా నున్న వాయువును తోడి నింపుకొనుచున్నది.

తోడుటకు శ్రమ కావలెను. ఆ శ్రమకు వలయు శక్తిని సూర్యకాంతి ఇచ్చును. ఎండ తీవ్రముగా నుండి వేడిగా నున్నపుడు ఈ ఖర్చునకు తగిన లాభముండును. చల్లని వాతావరణమున రుబిస్కో పొరపాటే స్వల్పము గనుక తోడుటవలన ప్రయోజనమును స్వల్పమే. అదియుగాక తోడు పనిలోని ఎంజైములు కొన్ని చలికి త్వరగా మందగించును. వేసవి ఎండలో లోకమునకెల్ల తలమిన్నయైన ఈ యంత్రము పుష్యమాసపు ఉదయమున కుంటుపడుటకు ఇది యొక కారణము.

రెండవ కారణము రాత్రికి సంబంధించినది. అమెరికాలో ఫ్లోరిడా యందు హిల్లియర్డ్, వెస్ట్ అను ఇరువురు పంగోలాగడ్డితో చేసిన పరీక్షను 1970లో ప్రకటించిరి. పగలు ఆకు తయారుచేసిన ఆహారములో కొంత పిండిపదార్థముగా ఆకునందే నిలువయుండును. రాత్రి అది కరగి, చక్కెరయై, క్రింద పెరుగుచున్న భాగములకును వేళ్లకును పోవును. రాత్రి వెచ్చగా, 30 డిగ్రీల వద్ద నున్నపుడు తెల్లవారుసరికి ఆకులోని గిడ్డంగి ఖాళీ అయినది. రాత్రి 10 డిగ్రీలకు దింపినపుడు పిండి ఆకులోనే చిక్కుకొనిపోయినది. మరునాడు గిడ్డంగిలో చోటు లేదు. పని కూడ తగ్గినది. పగటి ఎండ ఎంత బాగున్నను చలిరాత్రి గడ్డిని కట్టివేయుట ఇందువలననే. మన రైతు పగటి యెండను చూచెను గాని రాత్రి చలిని లెక్కపెట్టలేదు. రాత్రి చలికి తోడు ఉదయమున చలిగానే యుండి ఎండ మాత్రము తీక్ష్ణముగా కాచినచో హాని మరింత అధికము. 10 డిగ్రీల చలిలో మిక్కిలి ప్రకాశమున నుంచిన జొన్నమొక్కల ఆకులు పాలిపోవును. పట్టుకొన్న వెలుతురును వాడుకొనలేక ఆకు తన పచ్చదనమునే చెరుపుకొనును.

ఈ దృష్టితో మన దేశపటమును చూడుడు. జనవరిలో, కృష్ణానదీ ముఖద్వారము చెంత రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున సుమారు 18, 19 డిగ్రీలుండును. హైదరాబాదున సుమారు 15. ఆదిలాబాదున కొన్ని రాత్రులలో 10కి దిగువకు పోవును. ఢిల్లీలో సగటే 7, 8 డిగ్రీలు. ఒకే నేపియరు గడ్డి కోస్తాలో చలికాలమంతయు మెల్లగా నైనను పెరుగుచుండును, ఉత్తర తెలంగాణమున కునుకుపాట్లు పడును, పంజాబులో నిద్రపోవును. అక్కడ మంచు పడినచో పై ఆకులు మాడిపోవును. దుబ్బు మాత్రము నేలలో బ్రతికియుండి వసంతమున చిగిర్చును.

పంజాబు రైతులు దీనికొక ఉపాయము పన్నిరి. నేపియరు నిద్రకు సిద్ధపడు అక్టోబరు, నవంబరు నెలలలో దాని వరుసల నడుమ బెర్సీమును చల్లుదురు. బెర్సీము ఈజిప్టు నుండి వచ్చిన పప్పుజాతి మొక్క, చల్లదనమును కోరునది. నేపియరు ముడుచుకొన్న నెలలలో అది పలుమార్లు కోతకు వచ్చును. వేడి పెరిగి బెర్సీము అలసిపోవుసరికి నేపియరు మేల్కొనును. ఒకే మడిలో ఇద్దరు కాపరులు వంతులవారీగా కాపు కాచినట్లున్నది గదా! కృష్ణా గోదావరీ డెల్టాలలో వరి కోసిన మళ్లలో పిల్లిపెసర, జనుము వంటివి వేసి పశువులకు మేపుట మన పూర్వాచారము. ఇవి బెర్సీమువలె చలిని కోరునవి కావు. కోస్తా రాత్రులు వెచ్చనివి గనుక మిగిలిన తడితో పెరుగును. వాటినే పంజాబు చలిలో చల్లినచో దండుగ. 1962లో ఝాన్సీ నగరమున స్థాపింపబడిన భారతీయ పచ్చికబయళ్ల, పశుగ్రాస పరిశోధన సంస్థ ఇట్టి జోడింపులను గూర్చియే విశేషముగా కృషి చేయుచున్నది.

ఇంతవరకు చదివినవారు, వెచ్చదనమెంత హెచ్చినచో అంత మేలని తలచియుందురు. అది సగము నిజము. వేడిమి గడ్డిని పెంచుటయే గాక ముదురజేయును. వేడిలో పెరిగిన ఆకు త్వరగా తన కణముల గోడలను గట్టిపరచుకొనును. ఆ గోడలలో లిగ్నిన్ అను కొయ్యవంటి పదార్థము చేరును. కాడ వేగముగా సాగి, ఆకు పాలు తగ్గును. చల్లని దేశపు లేతగడ్డి ఎండుపదార్థములో నూటికి 70 పాళ్లు పశువునకు జీర్ణమైనచో, మన గడ్డిలో తరచుగా 55 మొదలు 60 పాళ్లు మాత్రమే జీర్ణమగును. వేసవి వానలకు పెరిగిన గడ్డిని చూచి కన్నులు చల్లబడవచ్చును గాని, కోయుటలో ఆలస్యమైనచో ఆ గుబురులో పశువునకు దక్కునది కొంచెమే.

ఇందులో మరియొక చిక్కు కలదు. ఆవు కడుపులోని మొదటి సంచిలో కోట్లకొలది సూక్ష్మజీవులుండి పీచును కరగించును. వాటికి మాంసకృత్తులు కావలెను. మేతలో మాంసకృత్తుల భాగము నూటికి సుమారు 7 పాళ్లకు తగ్గినచో ఆ జీవుల సంఖ్య తగ్గి, పీచు కరగక, సంచి ఖాళీ కాక, ఆవు మేయుటయే తగ్గించును. ముందు గడ్డిమోపు నిండుగా నుండగా పశువు చిక్కిపోవుచున్నచో కారణము ఇదియై యుండవచ్చును. ముదిరిన గడ్డికి పిల్లిపెసర, జనుము, లూసర్ను వంటి పప్పుజాతి మేతను కలుపుమని చెప్పుట ఇందులకే. నేపియరును సామాన్యముగా 45 దినముల కొకసారి కోయుమందురు. దినములు లెక్కించుటకంటె గడ్డిని చూచి కోయుట మేలని నా అభిప్రాయము. వెచ్చని వానకాలమున అది 45 దినములకు ముందే ముదురవచ్చును. చలికాలమున 60 దినములకును లేతగనే యుండవచ్చును.

జొన్నను గూర్చి హెచ్చరిక చేయకుండుట తగదు. లేత జొన్నమొక్కలోను, కోసిన మోడునుండి పుట్టిన పిలకలలోను ఒక పదార్థముండును. పశువు నమలినపుడు దానినుండి సైనైడు విషము పుట్టును. మన పల్లెలలో దీనిని నాము అందురు. నీరు చాలక గాని, చలి తగిలి గాని, ఎదుగుదల నిలిచి గిడసబారిన మొక్కలో ఈ పదార్థము కూడుకొనును. చక్కగా పెరిగి పూతకు వచ్చిన జొన్నలో భయము బహు స్వల్పము. మోడు పిలకలలో పశువును విడిచినచో, కొలది సేపటిలోనే అది ఊపిరాడక పడిపోవచ్చును. పశువులు కాయు పిల్లలు మొదట తెలిసికొనవలసిన సంగతులలో ఇది యొకటి.

పందొమ్మిదవ శతాబ్దము చివరనుండి నేటివరకు భూగోళపు సగటు వేడి ఒక డిగ్రీకి పైగా పెరిగినది. చలిరాత్రులు తగ్గినచో మన గడ్డికి మరికొన్ని దినములు పెరుగుటకు లభించును. కాని నీరు లేనిచో ఆ లాభము చేతికి రాదు, వేడికి ముదురుటయు తప్పదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుటవలన వరి, గోధుమ, చిక్కుడుజాతి మొక్కలకు కలుగునంత మేలు గరికకును జొన్నకును కలుగదు. అవి ఆ వాయువును ముందే తోడి నింపుకొనుచున్నవి గదా.

మీ పాఠశాల తోటలో దీనినంతయు చిన్న మెత్తున పరీక్షింపవచ్చును. రెండు కుండలలో గరిక నాటి, ఒక అంగుళము ఎత్తునకు కత్తిరింపుడు. పుష్యమాసపు రాత్రులలో ఒకదానిని ఆరుబయటను, రెండవదానిని పొయ్యి వెచ్చదనము తగులు వంటింటి గోడ ప్రక్కను ఉంచుడు. పగలు రెంటిని ఒకేచోట ఎండలో పెట్టి సమముగా నీరు పోయుడు. వారమునకొకసారి అదే ఆకును కొలబద్దతో కొలిచి వ్రాసికొనుడు. శివరాత్రికి చలి శివశివా యని పోవునని పెద్దలందురు. ఆ పండుగ దాటిన పిమ్మట కూడ కొలుచుట మానవలదు; ఆరుబయటి కుండలోని గరిక ఏ వారమున కదలుట మొదలిడినదో మీ కొలతల పుస్తకములోనే కనబడును.